ఓపిక పట్టమని అనలేకపోయాను

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక మా అన్నయ్య కూతురు ఫోను చేసింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని గుండె జారుతుంది. "ఎవరికీ ఏమీ కాలేదు అత్తా. మళ్ళీ పెల్లెట్‌లోకే పోయింది" అంది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది, ఎందుకంటే అటువైపు పిల్ల ఏడుస్తోంది.

తను హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ రెండో ఏడు. క్షయ బాక్టీరియాకు చెందిన ఒక ప్రొటీన్‌ను ఈ-కోలై అనే మరో బాక్టీరియాలో తయారు చేయించి, శుద్ధి చేసి, అది ఏం పని చేస్తుందో చూడాలి. పదకొండు నెలలుగా ఆ ప్రొటీన్ కరగదు. కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైతేటలో ఉండవలసింది అడుగున మడ్డిలో, అంటే పెల్లెట్‌లో, ముద్దకట్టి కూర్చుంటుంది. ఉష్ణోగ్రత తగ్గించి చూసింది, ఉప్పు పెంచి చూసింది, రాత్రంతా పెంచి చూసింది. ముద్ద ముద్దగానే ఉంది.

"మీ సార్ ఏమన్నారు?"

"ఓపిక పట్టమన్నారు."

ఆ వారమే వాళ్ళ సంస్థలో ఎవరో వచ్చి అపజయాలను తట్టుకోవడం ఎలా అని గంటన్నర ఉపన్యాసం ఇచ్చారట. బల్బు కథతో మొదలుపెట్టి, గోడెక్కి జారిపడి మళ్ళీ ఎక్కే సాలెపురుగు కథతో ముగించారట. "సాలెపురుగుకు ఫెలోషిప్ ఐదేళ్ళే కాదు కదా అత్తా" అంది ముక్కు చీదుకుంటూ.

నా నోటి దాకా కూడా "ఓపిక పట్టమ్మా" అన్న మాటే వచ్చింది. మేనత్తగా అదే అనాలి. నేనూ ఆ గడప తొక్కి వచ్చినదాన్నే కాబట్టి అనలేకపోయాను. పడుకోమని చెప్పి ఫోను పెట్టేశాను. ఎందుకు అనలేకపోయానో రెండు వారాలుగా ఆలోచిస్తే తేలింది ఇది. ప్రయోగశాలల్లో ఓపికను మనం శ్రుతి మించి మెచ్చుకుంటున్నాం. గడువు లేని ఓపిక విద్యార్థిని నిలబెట్టదు, నెమ్మదిగా ముంచుతుంది. ఒక పని మొదలుపెట్టిన రోజునే, ఏ తేదీలోపు ఏం కనబడకపోతే దాన్ని వదిలేస్తామో రాసి పెట్టుకోవాలి. ఈ మాట చెప్పడానికి నాకున్న అర్హత ఒక్కటే, ఆ పని నేను చేయలేదు.

నీలం రంగు

నా పరిశోధన ఒక ఎంజైము మీద. అది ఏటీపీని, అంటే కణాలకు శక్తినిచ్చే అణువును, విడగొడుతుందని మా అనుమానం. విడగొడితే ఫాస్ఫేటు బయటికొస్తుంది. ఆ ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలిపి, క్షయకరణ ద్రావణం వేస్తే నీలం రంగు తేలుతుంది. ఎంత నీలమో 660 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. ఈ పద్ధతికి ఫిస్కే–సుబ్బారావు అని పేరు. 1925 నాటిది. సుబ్బారావు అంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. మాదీ ఆ జిల్లానే కాబట్టి మొదటిసారి టెస్ట్ ట్యూబులో నీలం తేలినప్పుడు మా ఊరి బస్సు కనబడినంత సంబరపడ్డాను.

పద్నాలుగు నెలలు ఆ నీలం చూస్తూ గడిపాను. ఒక బ్యాచ్‌లో చిక్కగా వచ్చేది, ఇంకో బ్యాచ్‌లో వెలిసిపోయినట్టు వచ్చేది. అదే ప్రొటీన్, అదే బఫరు, అదే చెయ్యి. సీనియర్లు "చెయ్యి కుదరాలి, ఓపిక పట్టు" అనేవారు. నేనూ అదే నమ్మాను. మా అమ్మ పెట్టిన ఆవకాయ ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు కదా, ఇదీ అంతే అనుకున్నాను.

మా పనిని సమీక్షించే డాక్టొరల్ కమిటీ మొదటి సమావేశంలోనే బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు ఒకాయన ఒక మాట అన్నారు. "పని చేయని మ్యూటెంట్ ఒకటి చేసి చూడమ్మా." మ్యూటెంట్ అంటే కావాలని ఒక చోట మార్చిన ప్రొటీన్. మా ఎంజైములో ఏటీపీని పట్టుకునే చోట లైసీన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. దాన్ని అలనీన్ అనే వేరే అమైనో ఆమ్లంగా మారిస్తే ఎంజైము చచ్చిపడి ఉండాలి, నీలం రాకూడదు. ఆ మార్పుకు కావలసిన ప్రైమర్లనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు తెప్పించుకోవడం దగ్గర నుంచి శుద్ధి చేయడం దాకా మూడు వారాల పని. తల ఊపాను. తలైతే ఊపాను గానీ ఏడాది దాకా చేయలేదు.

ఎందుకు చేయలేదని ఇప్పుడు అడిగితే తడుముకోకుండా చెప్పగలను. భయం. ఆ మూడు వారాల పని నా పద్నాలుగు నెలలను కూల్చగలదని లోపలెక్కడో తెలుసు. అందుకని అదే ప్రయోగాన్ని నలభయ్యోసారి, నలభై ఒకటోసారి చేస్తూ పోయాను. బయటికి అది శ్రద్ధగా కనబడింది. ఆదివారాలు కూడా ల్యాబులో ఉండే పిల్లని మెచ్చుకున్నారు. ఆ మెప్పు చాటున నా భయం హాయిగా దాక్కుంది.

రెండో ఏటి కమిటీలో ఆ ప్రొఫెసరు మళ్ళీ అదే అడిగారు. ఇక తప్పలేదు. చేశాను. రెండు వరసల ట్యూబులు, ముందు వరస అసలు ఎంజైము, వెనక వరస మ్యూటెంట్. పది నిమిషాలు ఆగి చూస్తే రెండు వరసలూ ఒకే నీలం. ట్యూబులు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను, ఎండలోనైనా తేడా కనబడుతుందేమోనని. కనబడలేదు. సాయంత్రం గ్లాసువేర్ కడిగే పెద్దాయన స్టాండు తీసుకెళుతూ "ఏమ్మా, ఒకటే మందు రెండు వరసల్లోనూ పోశారా?" అని అడిగాడు. ఊరికే అడిగాడు పాపం. నాకు ఆ మాట పరీక్ష ఫలితం చదివి వినిపించినట్టుంది.

తరువాత తెలిసింది. ప్రొటీన్లను సైజు వారీగా విడదీసే గెల్ మీద మామూలుకంటే ఎక్కువ ప్రొటీన్ వేసి చూస్తే డెబ్భై కిలోడాల్టన్ల బరువు దగ్గర సన్నటి గీత ఒకటి ఉంది. ఆ గీతను కోసి మాస్ స్పెక్ట్రోమెట్రీకి పంపితే పేరు వచ్చింది. ఈ-కోలై సొంత ప్రొటీనే, సరిగ్గా మడతపడని ప్రొటీన్లను పట్టుకుని సర్దే షాపెరోన్. అది ఏటీపీని విడగొట్టే బతుకుతుంది. నా ప్రొటీన్ మడత ఎంత చెడితే అది అంత గట్టిగా అతుక్కునేది, ట్యూబు అంత నీలంగా తేలేది. నేను ఇన్నాళ్ళూ కొలిచింది నా ఎంజైము చేసే పనిని కాదు, దాని అనారోగ్యాన్ని. ఈ షాపెరోన్ ఇలా వెంటబడి వస్తుందని ప్రొటీన్ పని చేసే వాళ్ళందరికీ తెలుసు. ప్రొటీన్‌ను శుద్ధి చేసే కాలమ్ మీద ఉండగానే మెగ్నీషియం, ఏటీపీ కలిపిన బఫరుతో కడిగితే చాలావరకు వదులుతుంది. మా ల్యాబులో ఆ కడుగుడు ఎవరూ చేసేవారు కాదు, అంతే.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు గైడు దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలాసేపు ఆ రెండు గ్రాఫుల వంక చూసి, "నీకు అనుమానం మొదలై ఎన్నాళ్ళయింది?" అని ఒక్కటే ప్రశ్న అడిగారు. "రెండు వారాలండీ" అన్నాను. నిజానికి ఏడు నెలలు. ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుకుంటుంది, పోయిన డేటాకంటే ఎక్కువగా.

ఆ రాత్రి ఇంటికి ఫోను చేస్తే గొంతు విని అమ్మ కంగారుపడింది. "ఏం పోయిందే?" అంది. "ఏమీ పోలేదమ్మా, ఉందనుకున్నది లేదు" అన్నాను. "అయితే ఏడుపెందుకు?" అంది. నిజమే, పరిశోధన బయట ఉన్నవాళ్ళకు ఈ నష్టాన్ని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. పరీక్ష తప్పితే మార్కుల పత్రం ఉంటుంది. వ్యాపారం పోతే అప్పు కాగితాలు ఉంటాయి.

పట్టు పట్టడం, విడవడం

పట్టిన పట్టు విడవకూడదని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోస్తారు. బడిలో ఆ పద్యం వల్లె వేయని వాళ్ళు అరుదు. తమాషా ఏమిటంటే, ఆ పద్యం మొట్టమొదట చెప్పేది అసలు పట్టు పట్టరాదనే. ఆ మొదటి ముక్కను మనం మింగేసి, విడవరాదన్న రెండో ముక్కను పిల్లల నెత్తిన రుద్దుతాం. విడవడంకంటే చావు మేలనే చివరి ముక్కను మాత్రం హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్న పిల్లల దగ్గర ఎవరూ ఎత్తకూడదని నా మనవి.

సుబ్బారావుగారి కథను కూడా మనం పట్టుదల కథగానే చెప్పుకుంటాం. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయుడైన సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చి, పూర్తి వైద్య పట్టా బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఆ తరువాతి జీవితం చూడండి. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ కనుగొన్న మనిషికి అక్కడ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన ఆ గుమ్మం పట్టుకుని వేలాడలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. విశ్వవిద్యాలయాల వాళ్ళకు ఆ రోజుల్లో అది మెట్టు దిగినట్టే. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు వాడే హెట్రజాన్, కాన్సరు చికిత్సకు బాట వేసిన అమినోప్టెరిన్, అన్నీ అక్కడి నుంచే వచ్చాయి. అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్న స్ప్రూ అనే పేగుల వ్యాధికి మందు కావాలన్న పట్టు ఆయనకు కుర్రతనంలో పట్టింది. అది చివరిదాకా పోలేదు. చోటు మార్చారు, పద్ధతి మార్చారు, పని మార్చారు.

అంటే ప్రశ్నను పట్టుకోవడం వేరు, ఆ ప్రశ్నకు ఎంచుకున్న దారిని పట్టుకోవడం వేరు. మా మేనకోడలికి చెప్పవలసింది ఇదే అనుకుంటాను. ఆ ప్రొటీన్ ఏం చేస్తుందన్న ప్రశ్నను వదలక్కరలేదు. ఈ ట్యాగుతో (ప్రొటీన్‌కు తగిలించే తోక), ఈ వెక్టరులో (జన్యువును మోసే డీఎన్‌ఏ), ఈ ఉష్ణోగ్రతలో దాన్ని కరిగించి తీరాలన్న పంతాన్ని మాత్రం ఒక తేదీన దించేయాలి.

తేదీ తరువాతి రోజున కరిగితే?

ఈ వాదన వినిపిస్తే, నాతోపాటు పీహెచ్‌డీ చేసి ఇప్పుడు సొంత ల్యాబు నడుపుతున్న స్నేహితురాలు ఒప్పుకోలేదు. "కతలిన్ కరికో తేదీ పెట్టుకుని ఉంటే మనకు కోవిడ్ టీకా ఎక్కడిది?" అంది. 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆవిడ హోదా తగ్గించారు. అయినా ఆవిడ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే అణువు) మీద పని ఆపలేదు. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి వేసిన పేపరుకు పెద్ద పలుకుబడి రాలేదు. 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. బలమైన ఉదాహరణే, కొట్టిపారేయలేను.

రెండు మాటలు మాత్రం అన్నాను. ఒకటి, ఆవిడ ఒకే ప్రయోగాన్ని పదేళ్ళు చేయలేదు. బయటి నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏకు శరీరం ఎందుకు మంటెత్తుతుందని చూస్తూ, టీ-ఆర్‌ఎన్‌ఏ అనే మరో రకానికి మంట రావడం లేదని గమనించి, అందులోని మార్పు చెందిన న్యూక్లియోసైడ్ల (ఆర్‌ఎన్‌ఏను కట్టే ఇటుకల) వైపు మళ్ళారు. రెండు, ఓపిక పట్టి గెలిచినవాళ్ళ పేర్లు మనకు తెలుసు. అంతే ఓపిక పట్టి ఆరో ఏడు గది ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరు చెబుతారు? "అయినా నీ తేదీ తరువాతి రోజున అది కరిగితే?" అంది తను. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కరగవచ్చు. అలాంటి నష్టం ఎక్కడో ఒకరికి జరిగే ఉంటుంది. తేదీ పెట్టుకోవడమంటే ఆ నష్టానికి కూడా ఒప్పుకోవడమే. నేను ఒప్పుకుంటాను, తను ఒప్పుకోదు. ఇద్దరం కాఫీ తాగి ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం.

తను చెప్పినదాంట్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి. "ఆపడానికి విద్యార్థి ఎవరు? ప్రాజెక్టు గైడుది. ఆ ప్రొటీన్ పేరు మీదే మూడేళ్ళ గ్రాంటు వచ్చి ఉంటుంది." ఇది నిజం. మన ల్యాబుల్లో సార్ ఎదుట కూర్చుని "ఇది ఆపేద్దామండీ" అనగలిగేవాళ్ళు ఎందరు? అందుకే తేదీ ముందే పెట్టమంటున్నాను. ఇద్దరూ ఉత్సాహంగా ఉన్న మొదటి వారంలో, "దసరాలోపు ఈ మూడు పద్ధతుల్లో కరగకపోతే కరగడానికి తోడ్పడే ఎంబీపీ ట్యాగు, అదీ కాకపోతే ప్రొటీన్‌లో ఒక ముక్క మాత్రమే, అదీ కాకపోతే వేరే జీవి నుంచి దీని దాయాది ప్రొటీన్" అని ఒక పేజీ రాసి కమిటీ నివేదికలో పెడితే ఏ గైడూ కోప్పడరు. పద్ధతైన విద్యార్థి అనుకుంటారు. అదే మాట పదకొండో నెలలో అంటే చేతులెత్తేసినట్టు వినబడుతుంది. అదే పేజీలో, మన ఫలితాన్ని కూల్చగల ప్రయోగం ఏదో కూడా రాసి, దాన్ని మొదటి మూడు నెలల్లోనే చేసెయ్యాలి. నాకు అది మ్యూటెంట్. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

ఎలాగూ బయట నుంచి తేదీలు పడుతూనే ఉన్నాయి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రెండేళ్ళు, ఆ తరువాతి సీనియర్ ఫెలోషిప్‌తో (ఎస్‌ఆర్‌ఎఫ్) కలిపి ఐదేళ్ళు. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠంగా ఆరేళ్ళు, మళ్ళీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్ళు. ప్రొటీన్ కరిగినా కరగకపోయినా ఈ తేదీలు వస్తాయి. మనం పెట్టుకోకపోతే వాళ్ళ తేదీలే మిగులుతాయి.

ఓపికకు కూడా చోటుంది

అన్ని దెబ్బలకూ తేదీ మందు కాదు. ఒక మే నెల శనివారం మా మైనస్ ఎనభై ఫ్రీజరు కంప్రెసర్ ఆగిపోయింది. సోమవారం తలుపు తీస్తే నీళ్ళు కారుతున్నాయి. మూడేళ్ళ స్టాకులు పోయాయి. దానికి ఎవరిని తిట్టాలి? ఏడ్చి, మళ్ళీ క్లోన్లు వేసుకుని, ఈసారి రెండో ప్రతి వేరే అంతస్తులోని ఫ్రీజరులో పెట్టుకున్నాం. మన పనే వేరే దేశం వాళ్ళు ముందు అచ్చేసినా అంతే. అక్కడ ఓపిక పట్టాల్సిందే, వేరే దారి లేదు.

ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి రాకపోవడం మాత్రం ఈ కోవలోకి రాదు. నాకు ఒకసారి ఏడు నెలలు రాలేదు. మెస్సు బిల్లుకు సీనియరు దగ్గర అప్పు చేశాను. ఆఫీసులో అడిగితే అక్కడా "ఓపిక పట్టండి" అన్నారు. ఒకే మాట ఎన్ని చోట్ల పనికొస్తుందో చూడండి. అది మన ఓపికకు పరీక్ష కాదు, వాళ్ళు చేయవలసిన పని.

ఇక చుట్టాల పెళ్ళిళ్ళు. "ఇంకా చదువేనా?" అని పలకరించే పెద్దమ్మలకు నేను కనిపెట్టిన జవాబు "ఇంకో లడ్డూ వేయించండి పెద్దమ్మా". దీనిమీద ఇంతకంటే రాయను.

నిద్ర, తిండి రెండూ వారాల తరబడి పోతే ఈ తేదీల లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నా స్నేహితుల్లో ఒకామెను మేము ఆలస్యంగా తీసుకెళ్ళాం, అదృష్టం బాగుండి కోలుకుంది. ఇప్పుడు టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను లైను ఉంది, 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అప్పట్లో మాకు వార్డెను తప్ప ఎవరూ లేరు. అలా కోలుకున్న ఆ స్నేహితురాలు నాలుగో ఏట పీహెచ్‌డీ వదిలేసి జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతోంది. పారిపోయిందని అన్నవాళ్ళున్నారు. మొదట్లో నేనూ లోపల అనుకున్నాను. ఇప్పుడు ఆమె పాఠం చెప్పే తీరు చూస్తే, మా అందరిలో తేదీ సరిగ్గా పెట్టుకున్నది తనేనేమో అనిపిస్తుంది. ఏమో, ఖచ్చితంగా చెప్పలేను.

నా సంగతి అడుగుతారేమో. వేడినీటి ఊటల్లో బతికే బాక్టీరియా నుంచి అదే కుటుంబపు ఎంజైము తీసుకున్నాను. అది మొదటి వారంలోనే కరిగింది. మ్యూటెంట్‌లో నీలం రాలేదు. చిన్న పేపరు వచ్చింది, పట్టా వచ్చింది, ఇప్పుడు డిగ్రీ కాలేజీలో జీవరసాయనం చెబుతున్నాను. ఆ పద్నాలుగు నెలలకు సిద్ధాంత గ్రంథం అనుబంధంలో అర పేజీ దక్కింది. ఆ అర పేజీ ఇంతవరకు ఎవరైనా చదివారో లేదో తెలియదు.

మొన్న శుక్రవారం మేనకోడలికి నేనే ఫోను చేశాను. ఫ్రిజ్ తలుపు మీద టేపు అంటించి తేదీ రాసిందట, అక్టోబరు 15. వాళ్ళ సార్ చూసి "ఇదేమిటి, నీ పుట్టినరోజా?" అని అడిగారట.

"ఏం చెప్పావు?"

"కాదు సార్, దీని తద్దినం అన్నాను. నవ్వారు. ఆ తరువాత ఏం చేస్తావని అడిగి కూర్చోబెట్టారు. ఎంబీపీ ట్యాగు ప్రైమర్లకు ఆర్డరు పెట్టాం అత్తా. అదీ డిసెంబరు దాకానే."

"ఇవాళేం చేశావు?"

"గెల్ నడిపాను. రంగు వదలడానికి ద్రావణంలో వేసి వచ్చేశాను. ఇంకా చూడలేదు."

పదకొండు నెలల్లో ఏ రోజూ గెల్ చూడకుండా ల్యాబు వదిలిన పిల్ల కాదు. "ఇప్పుడెక్కడున్నావు?" అన్నాను.

"హాస్టల్లో. నిద్రొస్తోంది, పొద్దున చూస్తాను" అని ఆవులించింది.